ఓ మాల్‌ను కట్టింది నేను, పనికి తెచ్చింది వేరేవాళ్లు

నలభై ఏళ్లపాటు కర్నూలులో ఇళ్లకూ, కల్యాణ మండపాలకూ, బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల షెడ్లకూ ప్లాన్లు గీశాను. వాటిలో ఒక్కటీ కూలలేదు. రిటైరైన ఇంజనీర్లందరూ చెప్పుకునే మాటే ఇది, నేనూ చెప్పుకుంటున్నాను. అయితే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పడం మంచిది. భవనం కూలకపోతే చాలదు. నేను కట్టినవాటిలో అన్నిటికన్నా గట్టిది ఒక మాల్. అది ఎంత గట్టిదంటే, లోపల ఒక్క మనిషి కూడా లేకుండా ఆరేళ్లు చెక్కుచెదరకుండా నిలబడింది.

నా ఆఫీసు గోడ మీద నేను కట్టిన భవనాల ఫోటోలు ఫ్రేములు కట్టి ఉండేవి. ఈ మాల్ ఫోటో కూడా కొన్నాళ్లు ఉండేది. తర్వాత ఆ మేకుకు క్యాలెండర్ తగిలించాను. ఇప్పుడు రాయబోయేది ఆ తీసేసిన ఫోటో గురించి.

పడమటి ముఖం

తిమ్మారెడ్డిది కోయిలకుంట్ల వైపు పెద్ద రైతు కుటుంబం. శనగలు పండించాడు, సిమెంటు అమ్మాడు, బస్సులు తిప్పాడు, చివరికి ఆయనకు మాల్ కట్టాలనిపించింది. నా దగ్గరికి ఎందుకొచ్చాడంటే, ఆయన ఇంటికి ప్లాను గీసింది నేను, ఆ ఇల్లు కురవలేదు. మాల్ కట్టడానికి అది చాలిన అర్హతేనా అని ఆయన అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు.

నేను అంతకుముందు మాల్ కట్టడం అటుంచి, సరిగ్గా చూసింది కూడా లేదు. రెండు రోజులు బెంగళూరు పోయి మాల్స్‌లో తిరిగాను. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత దూరముందో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటే సెక్యూరిటీ అతను వెంటపడి, "ఏం వెతుకుతున్నారు సార్?" అన్నాడు. "బాత్రూమ్" అన్నాను. అతను అక్కడిదాకా తోడొచ్చి, బయట నిలబడి, మళ్లీ గేటుదాకా సాగనంపాడు. నా అధ్యయనం అంతటితో ముగిసింది.

స్థలం కర్నూలు శివార్లలో, రోడ్డు పడమర. కాబట్టి భవనం ముఖమూ పడమరే. ఆ ముఖమంతా, మూడంతస్తుల ఎత్తున, అద్దం పెట్టించాను. మధ్యలో కింది నుంచి పైకప్పుదాకా ఖాళీ, చుట్టూ వసారా, వసారా వెంట అద్దాల దుకాణాలు. తిమ్మారెడ్డి వాళ్లమ్మ ఓబుళమ్మ పేరు పెట్టమన్నాడు. ఓబుళమ్మ మాల్ అంటే మోటుగా ఉంటుందని, మొదటి అక్షరం మాత్రం మిగిల్చి 'ఓ మాల్' అని రాయించిన ఘనుణ్ణి కూడా నేనే. తర్వాత రోజుల్లో ఊళ్లో జనం "అనగనగా ఓ మాల్" అని నవ్వుకోవడానికి దారి చేసిపెట్టాను.

తెరిచే ముందు మా నాయనను చూపించడానికి తీసుకుపోయాను. ఆయన బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పట్టి నన్ను చదివించిన మనిషి. లోపలికి రాగానే కిందికి చూశాడు.

"మన రాయి యాడరా?"

"మాల్స్‌లో నాపరాయి వెయ్యరు నాయనా. ఇవి గుజరాత్ టైల్స్."

ఆయన నడవడానికి భయపడుతూ నడిచి, పడమటి అద్దం మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. సాయంత్రం నాలుగైంది. "పెనం మాదిరి కాల్తాండాదే! లోపలుండే జనం గతేంది?"

"ఏసీ ఉంటుంది."

"అది ఆగిపోతే?"

"ఆగదు నాయనా."

అంత చదివి, అంత చిన్న ప్రశ్నకు అంత తప్పు జవాబు చెప్పినవాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు.

మాల్ తెరిచిన రోజు జనం విరగబడి వచ్చారు. తర్వాత కూడా వచ్చారు. చల్లగా ఉందని వచ్చారు, కదిలే మెట్ల మీద ఫోటోలు తీసుకోవడానికి వచ్చారు, పెళ్లిచూపులకు వచ్చారు. కొనడానికి మాత్రం పాత బజారుకే పోయారు. పడమటి అద్దం గుండా ఎండ లోపలికొస్తుంటే ఏసీలు రాత్రింబగళ్లు దానితో కొట్లాడాయి. నాలుగేళ్లలో దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిట్టచివర జ్యూస్ షాపు మూసిన రోజు ఏసీ కూడా ఆగిపోయింది.

తిమ్మారెడ్డి ఒక్కసారి కూడా "నువ్వే ముంచినావు" అనలేదు. యజమానుల్లో రకరకాలవాళ్లను చూశాను. తిట్టేవాళ్లతో పని చేయడం తేలిక. ఈయన దారిలో కనిపించి, "బాగుండావా అప్పా?" అని అడిగి పోయేవాడు. ఆ మాట తట్టుకోలేక నేను ఆయన కారు కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

ఉల్లిగడ్డలు, ఆ తర్వాత గిటారు

రెండేళ్లు తాళం పడి ఉన్నాక, ఉల్లిగడ్డలు నిలవ పెట్టుకుంటామని రెడ్డి బంధువులు కొందరు అడిగారు. రెడ్డి నా సలహా అడిగాడు. "కప్పు ఎత్తు ఎక్కువ, హాలు పెద్దది, గాలి బాగా ఆడుతుంది" అన్నాను. గాలి ఆడాలంటే కిటికీలు తెరుచుకోవాలి. నేను పెట్టించిన అద్దాల్లో ఒక్కటీ తెరుచుకోదు. గీసినవాడికే ఆ సంగతి గుర్తులేదు. పదిహేను రోజులకు ఉల్లిగడ్డలు మొలకలెత్తాయి, నెలకు కుళ్లాయి. ఆ వాసన రెండు వానాకాలాలు కడిగినా పోలేదు.

అప్పుడు నాకు పాపభీతి పట్టుకుంది. ఎక్కడెక్కడో మూతపడిన మాల్స్‌ను గ్రంథాలయాలుగా, ఆసుపత్రులుగా మారుస్తున్నారని చదివి, మన ఓ మాల్‌ను కూడా ఊరికి పనికొచ్చే కేంద్రంగా మారుద్దామని రెడ్డి వెంటపడ్డాను. రంగుల బొమ్మలు గీసి చూపించాను. కింద యోగా, పైన చిత్రకళ, ఆపైన పుస్తకాలు. బొమ్మల్లో మనుషుల్ని కూడా వేశాను. అందరూ నవ్వుతూ నడుస్తున్నారు, ఒకడి చేతిలో గిటారు ఉంది. కర్నూలులో గిటారు పట్టుకొని నడిచేవాణ్ణి నేను ఈరోజుకీ చూడలేదు. అయినా వేశాను.

రెడ్డి తాళాలు నా చేతిలో పెట్టి, "నీ ఇష్టం అప్పా" అన్నాడు.

మొదటి కార్యక్రమం పక్క కాలనీ మహిళా సంఘం సమావేశం. నలభై మంది వచ్చారు. సగం మంది కింద హాల్లో కూర్చుంటే, మిగతావాళ్లు పైన ఏముందో చూద్దామని రెండో అంతస్తుకు ఎక్కారు. కింద ఒకామె పక్కామె చెవిలో, "దాని కోడలు పుట్టింటికి ఏంటికి పోయిందో తెలుసునా?" అని గుసగుసలాడింది. ఆ గుసగుస నా అద్దాలకు తగిలి, నా టైల్స్‌కు తగిలి, నా సీలింగుకు తగిలి, అక్షరం పోకుండా రెండో అంతస్తులో నిలబడి ఉన్న ఆ అత్తగారి దగ్గరికే పోయింది.

"ఎవత్తే అది? నా కోడలి సంగతి నీకేంటికే?" అని పైనుంచి అరుపు. ఆ అరుపు మళ్లీ నాలుగుసార్లు వినిపించింది. కిందా పైనా నలభై మందీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియనంతగా మోత. సంఘం ఆ రోజే రెండుగా చీలింది. ఇప్పటికీ ఒక్కటి కాలేదని విన్నాను.

ధ్వనిని తాగేది ఏదో ఒకటి హాల్లో ఉండాలి. బట్ట, కొయ్య, గరుకు గోడ, ఏదైనా. నేను పెట్టినవన్నీ నున్నటివి, మెరిసేవి. యోగా గురువు "శ్వాస మీద ధ్యాస పెట్టండి" అంటే ఆయన మాట ఆయన్నే నాలుగుసార్లు ఆజ్ఞాపించేది. ఆయన వారం ఉండి వెళ్లిపోయాడు. చదువుకునే పిల్లలు రెండు రోజులు ఉన్నారు. ఎవరైనా కుర్చీ జరిపితే మూడంతస్తులూ ఉలిక్కిపడేవి. మళ్లీ తాళం వేశాను.

అద్దాలు అడగడానికి వచ్చినామె

ఆ తర్వాత చలికాలంలో ఒకరోజు షాహీన్ అనే టీచరమ్మ ఫోన్ చేసింది. వినికిడి లేని పిల్లల కోసం ఒక చిన్న ట్రస్టు నడిపే బడికి ఆమె పెద్ద టీచరు. మాల్‌లో బట్టల దుకాణం వాళ్లు వదిలేసిపోయిన నిలువుటద్దాలు ఉన్నాయని ఎవరో చెప్పారట. పలకడం నేర్చుకునే పిల్లలు తమ పెదాలు చూసుకోవడానికి అద్దాలు కావాలి, ఇస్తారా అని అడిగింది. వచ్చి తీసుకుపొమ్మన్నాను.

ఆటోలో పదిమంది పిల్లలతో దిగింది. వాళ్లను వదిలిపెట్టి రావడానికి బడిలో ఆ పూట ఎవరూ లేరట. నేను అద్దాలు చూపిస్తుండగా పిల్లలు ఆగిపోయి ఉన్న కదిలే మెట్లెక్కి పైకి పరుగెత్తారు. ఇద్దరు రెండో అంతస్తు రెయిలింగు మీదికి వంగారు.

"రేయ్! పడతారు! దిగండి!" అని అరిచాను.

'దిగండి' అన్నది మూడంతస్తులూ తిరిగొచ్చి నా చెవిలోనే పడింది. ఒక్క పిల్ల కూడా తల తిప్పలేదు. షాహీన్ టీచర్ నవ్వు ఆపుకుని రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఒక పిల్ల చూసింది. ఆ పిల్ల పక్కవాళ్లను తట్టింది. టీచర్ ఏదో సైగ చేయగానే అందరూ రెయిలింగు వదిలి వెనక్కి జరిగారు. జరిగినవాళ్లు ఊరుకోలేదు. పైనున్న పిల్లలు కిందున్నవాళ్లతో చేతులతో మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటి అంతస్తులో ఉన్నవాళ్లు మధ్యలో కలగజేసుకున్నారు. ఒక అమ్మాయి దుకాణంలోకి పోయి అద్దం వెనక నుంచి జవాబిచ్చింది. మూడంతస్తులు, పదిమంది, ఒకే సంభాషణ. నేను కట్టిన భవనంలో మొట్టమొదటిసారి ఒకరి మాట ఒకరికి తెలుస్తోంది.

షాహీన్ టీచర్ నిలువుటద్దాల సంగతి మరిచిపోయి వాళ్లనే చూస్తోంది.

"మా అమ్మీకి, అబ్బాకి ఇద్దరికీ వినపడదు సార్" అంది కాసేపటికి. "నాకు మాటకన్నా ముందు చేతులే వచ్చినాయి. గోడ అడ్డమొచ్చిందంటే మాకు మాట ఆగిపోయినట్లే. మా బడిలో మూడు గదులుండాయి, మూడూ చీకటే. పక్క గదిలో ఏం జరుగుతాందో ఈ గదిలో పిల్లకి తెల్దు. దాన్ని కూడా వేసవిలో ఖాళీ చెయ్యాల. ఓనరు అమ్ముకుంటాండాడు. ఇంకో ఇల్లు దొరక్కపోతే పిల్లోళ్లు ఎవరి ఊరికి వాళ్లు పోవాల్సిందే."

ఆమె ఏం అనుకుంటోందో నాకు అర్థమైంది. మనస్సాక్షి ఉన్న ఇంజనీరులా హెచ్చరించాను. "ఈ హాల్లో ఒకటే ప్రతిధ్వనమ్మా. ఇక్కడ చదువు చెప్పడం కుదరదు. ఎవరికీ ఏమీ వినపడదు."

ఆమె స్తంభం పట్టుకుని నవ్వింది. "ఎవరికి సార్?"

తిమ్మారెడ్డి అడిగింది ఒక్కటే

అయితే అప్పటికే తిమ్మారెడ్డి మాల్‌ను పడగొట్టడానికి ఒకతనితో మాట్లాడుకున్నాడు. ఇనుమూ అద్దాలూ అతను తీసుకుపోతాడు, స్థలం ప్లాట్లు అవుతుంది. నేను పోయి బడి సంగతి చెప్పాను.

"నువ్వు చెప్పినవన్నీ చేసినా కదప్పా" అన్నాడు. మాల్, ఉల్లిగడ్డలు, యోగా అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

"ఒక్కసారి వచ్చి చూడన్నా. నేను ఏమీ చెప్పను" అన్నాను. ఏమీ చెప్పకపోవడం నా నలభై ఏళ్ల సర్వీసులో నేను వాడిన అతి మంచి పద్ధతి, అదే చివరగా నేర్చుకున్నాను.

ఆదివారం వచ్చాడు. షాహీన్ టీచర్ ఈసారి పిల్లలందరినీ తెచ్చింది. రెడ్డి ఇబ్బందిగా నిలబడ్డాడు. "మూగ పిల్లోళ్లతో నేనేం మాట్లాడాల?" అన్నాడు నాతో, మెల్లగానే అన్నాననుకుని. హాలంతా వినపడింది.

"మూగోళ్లు కాదన్నా" అంది షాహీన్ టీచర్. "వినపడదంతే. మాటలు మనకన్నా శానా ఉండాయి. అడగండి, నేను చెప్తా."

ఆయన అడగకముందే ఒక అమ్మాయి ఎదురొచ్చింది. పేరు మల్లేశ్వరి, బద్వేలు దగ్గర పల్లె, తల్లిదండ్రులు కూలికి పోతారు. ఆ పిల్ల కదిలే మెట్లను చూపించి ఏదో అడిగింది.

"ఈ మెట్లు నడుస్తాయంట కదా, ఎప్పుడు నడిపిస్తారని అడుగుతాంది" అని టీచర్ చెప్పింది.

ఆరేళ్లలో ఆ మాల్ గురించి రెడ్డిని ఎప్పుడు అమ్ముతావని, ఎందుకు మునిగిందని అడిగారు గాని ఇలా ఎవరూ అడగలేదు. ఆయన ఫోను తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. రెండు గంటలు పట్టింది. మెట్లు మూలిగి, ఆగి, మళ్లీ మూలిగి కదిలాయి. పిల్లలు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. పైకి పోతున్న పిల్లలు కిందికి చూస్తూ, పక్క మెట్ల మీద కిందికి వస్తున్న పిల్లలు పైకి చూస్తూ చేతులతో మాటలు విసురుకుంటున్నారు. దగ్గరయ్యేకొద్దీ మాట వేగం పెరుగుతోంది, దూరమయ్యేకొద్దీ చేతులు పెద్దగా కదులుతున్నాయి.

రెడ్డి జ్యూస్ షాపు అరుగు మీద కూర్చుని చూశాడు. "ఆ పొద్దు జనం వచ్చి, చూసి పోయినారు" అన్నాడు. "ఈళ్లు మాట్లాడుకుంటాండారప్పా."

లేచి వెళ్తూ షాహీన్ టీచర్ దగ్గర ఆగాడు. "పడగొట్టను. బడి పెట్టుకోండమ్మా. ఒక్కటి. మా అమ్మ పేరు పూరాగా రాయించండి. ఈయప్ప ఒక్కక్షరమే మిగిలించినాడు."

నేను నోళ్లు మూసిన వారం

ఇక్కడితో ఆపితే నాకు కొంచెం మర్యాద దక్కేది. కానీ ఇంజనీరుకు భవనం ఇచ్చి ఊరుకోమంటే ఊరుకోడు.

రెయిలింగులు ఎత్తు పెంచి వలలు కట్టించాను, అది సరైన పనే. చెవికి మిషన్లు పెట్టుకుని కొద్దిగా వినగలిగే ఐదుగురు పిల్లలకు మాత్రం ప్రతిధ్వని నిజంగానే హింస. వాళ్ల కోసం ఒక గదికి మందపాటి తెరలు, కింద కొబ్బరిపీచు చాపలు వేయించాను, అదీ సరైనదే. అంతటితో నాకు ధైర్యం వచ్చింది. తరగతి గది అన్నాక పిల్లల ధ్యాస బయటికి పోకూడదు కదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఇలాంటి వాటికి అడిగేదేముంది? జూన్‌లో బడి తెరవడానికి వారం ముందు మనుషుల్ని పెట్టి దుకాణాల అద్దాలన్నిటికీ నేలనుంచి మనిషి ఎత్తు దాకా తెల్లటి మసక స్టిక్కర్ అంటించేశాను. చూడటానికి ఎంతో పద్ధతిగా కనిపించింది. తృప్తిగా ఫోటో కూడా తీసుకున్నాను.

బడి తెరిచిన రోజు పిల్లలు లోపలికొచ్చి ఆగిపోయారు. చేతులు కిందికి దిగిపోయాయి. మల్లేశ్వరి ఒక అద్దం దగ్గరికి పోయి, వెనక ఎవరో నీడలా కదలడం చూసి, అద్దం మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. అవతల ఉన్న పిల్లకు తెలియలేదు. మల్లేశ్వరి నావైపు తిరిగి చూసింది.

షాహీన్ టీచర్ కోప్పడి ఉంటే బాగుండేది. చాలా మెల్లగా మాట్లాడింది.

"ఎవరు చేయించినారు సార్ ఇది?"

"నేనే. ధ్యాస చెదరకుండా..."

"మా పిల్లోళ్ల నోళ్లు మూసినారు సార్ మీరు."

నేను వెంటనే మనుషుల్ని పిలిపించి తీయిస్తానన్నాను. వాళ్లు వేరే పనిలో ఉన్నారు, మూడు వారాలకు గాని రాలేమన్నారు. అందుకని నేనే బకెట్టులో సబ్బునీళ్లూ, ఒక బ్లేడూ పట్టుకుని కింద కూర్చున్నాను. అరవై దాటిన మనిషికి నేలమీద కూర్చుని అద్దం గీకడమంటే ఏమిటో ఒకసారి ప్రయత్నించండి. నేను ఎన్నుకున్న స్టిక్కరు చాలా నాణ్యమైనది, పదేళ్ల గ్యారంటీ. మొదటిరోజు సాయంత్రానికి ఒక్క దుకాణం సగం అయింది. మర్నాడు మల్లేశ్వరి ఒక స్టీలు స్కేలు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. అరచేయంత గీకి, అందులోంచి అవతలి గదిలోకి చూసి, అక్కడున్న పిల్లతో ఏదో మాట్లాడి, ఇద్దరూ నవ్వుకుని, మళ్లీ గీకింది. తర్వాత మిగతా పెద్దపిల్లలు కూడా వచ్చారు. తొమ్మిది రోజులు పట్టింది. జిగురు మరకలు కొన్ని ఇంకా ఉన్నాయి.

గీతలు గీయడం మొదలుపెట్టే ముందు అక్కడ ఉండబోయేవాళ్లను అడగండి. ఈ మాట కాలేజీలో నాకు ఎవరో చెప్పే ఉంటారు. బ్లేడు పట్టుకున్నాక అర్థమైంది.

నల్లటి టీచరు

ఇంకొకటి కూడా ఉంది. మధ్యాహ్నం పూట పడమటి వైపు గదుల్లో పిల్లలు తలలు దించుకుని కూర్చునేవారు. అన్నం తిని నిద్రొస్తోందేమో అనుకున్నాను. అదే మాట టీచర్‌తో అంటే ఆమె నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తాను పడమటి అద్దానికి వీపు పెట్టి నిలబడి పాఠం మొదలుపెట్టింది. నాకు కనిపించింది ఒక నల్లటి ఆకారం, చుట్టూ కళ్లు చెదిరే ఎండ. చేతులు ఎక్కడున్నాయో, పెదాలు కదులుతున్నాయో లేదో ఏమీ తెలియలేదు. రెండు నిమిషాలకు నేనూ తలదించుకున్నాను.

"నిద్రొచ్చిందా సార్?" అంది.

బెంచీలు తిప్పించాం. దాంతో సగం బాధే తీరింది. మిగతా సగం ఆ అద్దం కొలిమి. దానికి ఏం చేయాలో మూడు రోజులు ఆలోచించి, సిగ్గు విడిచి మా నాయన దగ్గరికి బేతంచెర్ల పోయాను. ఆయనకు తొంభైకి దగ్గర. పాలిష్ ఫ్యాక్టరీల పక్కన కుప్పలుగా పడి ఉండే నాపరాయి ముక్కలను చూపించి, వీటిని ఇనుప చట్రాల్లో నిలువుగా, అరచేయి వెడల్పు సందులతో అద్దం ముందు నిలబెడితే ఎలా ఉంటుందని అడిగాను.

"రాయికీ అద్దానికీ మధ్య మనిషి నడిచేంత జాగా ఇడిసిపెట్టు. రాయి కాలినా ఆ వేడి లోపలికి రాదు" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "ఇన్నాళ్లకు ఇంటి దావ తెలిసిందా?" అని నవ్వాడు.

ఆ రాళ్లు ఇప్పుడు మాల్ ముఖమంతా ఉన్నాయి. లోపల వెలుతురు మెత్తగా పడుతుంది. రోడ్డు మీద నుంచి చూస్తే అది మాల్ అని ఎవరూ అనుకోరు. వాస్తుశిల్పం చదివిన ఒక అమ్మాయి వచ్చి, ఈ ఆలోచన ఏ దేశం నుంచి తీసుకున్నారని అడిగింది.

కడప మెట్లు

దీని తర్వాత నన్ను పాత మాల్స్ నిపుణుడు అనడం మొదలుపెట్టారు. ఇంజనీర్ల సంఘం శాలువా కప్పింది. కడపలో ఖాళీగా పడి ఉన్న ఒక కాంప్లెక్సు చూసి ఏం చేయాలో చెప్పమని దాని ఓనర్లు పిలిచారు. అక్కడ కూడా బడే పెట్టించేద్దామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. కొలిచే టేపు కూడా తీయకుండా మూడు రోజులు దాని మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా కూరగాయలు అమ్మే ఆడవాళ్లు తమ పసిపిల్లలను ఆ మెట్ల నీడలో చీర పరిచి పడుకోబెట్టి, అమ్ముకుంటూనే మాటిమాటికీ వచ్చి చూసి పోతున్నారు. ముందరి రెండు గదులు తెరిచి, ఉయ్యాలలు కట్టి, ఒక ఆయాను పెట్టమన్నాను. అంతే చేశారు. మిగతా గదులకు ఏం చేయాలని అడిగితే తెలియదన్నాను. అవి ఇప్పటికీ ఖాళీయే. తెలియదన్నందుకు నన్ను మళ్లీ పిలవలేదు, శాలువా కూడా కప్పలేదు.

నా పేరు

సైగల భాషలో ప్రతి మనిషికీ ఒక పేరు సైగ ఉంటుంది. నా పేరును మద్దిలేటి అని అక్షరం అక్షరం పేర్చుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకని మనిషిని చూసి ఒక సైగ పెట్టేస్తారు. నేను బడికి వెళ్లినప్పుడల్లా పిల్లలు ఒకరికొకరు ఒక సైగ చేసుకోవడం గమనించాను. రెండు పిడికిళ్లూ నడుము దగ్గర పెట్టి, రెండుసార్లు పైకి లేపుతారు. అది నా పేరని తెలిసింది. అర్థం అడగలేదు, చూస్తేనే తెలుస్తోంది కదా. పైకి లేపేవాడు, నిలబెట్టేవాడు. ఇంజనీరుకు ఇంతకన్నా ఏం కావాలి? ఇంజనీర్ల సంఘం సభలో శాలువా కప్పుకుని, మైకు ముందు ఆ సైగ చేసి చూపించి, "ఆ పసివాళ్లు నాకిచ్చిన బిరుదు ఇది" అని గొంతు బొంగురుపోయేలా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చేసి చూపించాను. ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో చెప్పలేదు. "ఆ టీచరమ్మనే అడుగు" అంది.

అడిగాను. షాహీన్ టీచర్ నా నడుము వైపు ఒకసారి చూసింది.

"ఏం లేదు సార్. మీరు నిలబడిన కాడ ఊరకే నిలబడరు. నిమిషానికి ఒకసారి ప్యాంటు పైకి లాక్కుంటాంటారు. అదీ."

నలభై ఏళ్లు. ఎన్ని సైట్లు, ఎన్ని సభలు, ఎంతమంది మేస్త్రీలు, ఎంతమంది యజమానులు. ఒక్కడు చెప్పలేదు. చెప్పకపోతే పోయె, శాలువా కప్పుకుని మైకు ముందు ప్యాంటు లాక్కుని చూపించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే.

నా మొహం చూసి ఆమెకు జాలేసినట్టుంది. "బాధపడగాకండి సార్. ఊరకే వచ్చిపోయే ఆఫీసర్లకు మా పిల్లోళ్లు పేరు పెట్టరు. ఇంకా శానా దినాలు మాట్లాడుకోవాల్సినోళ్లకే పెడతారు" అంది.

పోయిన వారం అటువైపు పనుండి బడికి వెళ్లాను. నాతో ఎవరికీ పని లేదు. పాఠాలు జరుగుతున్నాయి. మల్లేశ్వరి పది పాసై, ఇప్పుడు చిన్న పిల్లల తరగతిలో టీచరుకు తోడుగా ఉంటోంది. రెండో అంతస్తు వసారాలోంచి నన్ను చూసి, అద్దాల వెనకున్న పిల్లలకు చూపించి, రెండు పిడికిళ్లూ నడుము దగ్గర పెట్టి పైకి లేపింది. ఆ వెంటనే పదిహేను జతల పిడికిళ్లు లేచాయి.

నేను కింద హాలు మధ్యలో నిలబడి, తలెత్తి, రెండు చేతులా ప్యాంటు పైకి లాక్కున్నాను. పేరు పెట్టి పిలిచారు కదా, పలకాలి.